రెండు నొక్కుల జవాబు

పొద్దున్నే మొహం కడుక్కోకుండా ఫోన్ చూడొద్దని మావారు ఎన్నోసార్లు చెప్పారు. విన్నానా? మొన్న శుక్రవారం అలాగే మంచం మీంచి లేవకుండానే చూశాను. ఒకప్పుడు బైలాడిలా గనుల దగ్గర బచేలి క్వార్టర్స్‌లో ఉండి, రిటైరై తలో ఊరూ చేరిన మా తెలుగువాళ్ళందరికీ ఒక గ్రూపుంది. అందులో కంట్రోల్ గారి ఫోటో, ఫోటోకి దండ. ముందు రోజు మధ్యాహ్నం సోంపేట దగ్గర వాళ్ళ ఊళ్ళో పోయారట. కింద వరసగా అందరూ దండాలు పెట్టారు. ఆ దండాల మధ్యన ఒక మహానుభావుడు రాశాడు: "మనిషి మంచోడే పాపం. చెవిటాయన చేతికి సైరన్ ఇచ్చి బెల్ట్ తగలబెట్టించుకున్నాం గానీ." దాని కింద నవ్వు బొమ్మలు.

నాకు ఒళ్ళు మండిపోయింది. అయితే నిజం చెప్పాలంటే కోపం కన్నా ముందు భయం వేసింది. గనిలో రాయి మోసే ఆ బెల్ట్ కాలిపోవడంలో నా చెయ్యి ఉంది. ఆ సంగతి తెలిసిన మనిషి లోకంలో ఒక్కరే. ఆ ఒక్కరూ ఇప్పుడు ఫోటోలో ఉన్నారు.

ఆయన పేరు కొండ మీద చాలామందికి తెలీదు. బైలాడిలా కొండల్లో ఇనుప రాయి తవ్వే కంపెనీ ఫైర్ స్టేషన్‌లో వైర్‌లెస్ ఆపరేటర్. సెట్ ఎత్తగానే "కంట్రోల్" అనేవారు కాబట్టి ఊరంతటికీ కంట్రోల్ గారే. వాళ్ళావిడ కంట్రోల్ గారి భార్య, వాళ్ళమ్మాయి కంట్రోల్ గారమ్మాయి. ఆయన మాత్రం మనుషుల్ని నంబర్లతో పిలిచేవారు. ఫైర్ స్టేషన్లో ప్రతివాడికీ సెట్ మీద ఒక నంబరుంటుంది. ఆదివారం సంతలో వంకాయలు ఏరుకుంటున్న మనిషిని వెనకనుంచి పట్టుకుని, "ఏటి పదకొండూ, జొరం తగ్గిందా?" అని అడిగేవారు. మా పెళ్ళికి అక్షింతలు వేస్తూ మావారిని, "ఏడూ, జాగ్రత్తగా సూసుకో మా పిల్లని" అన్నారు. మా అత్తగారు ఏడవమంటున్నాడేమిటి ఈయన అని కంగారు పడింది.

మా నాన్న కొండ మీద డ్యూటీలో ఉండగా గుండె ఆగి పోయారు. ఆ ఉద్యోగం బదులు నాకు కంట్రోల్ రూంలో కుర్చీ ఇచ్చారు. అప్పటికి నాకు ఇరవై రెండు. మొదటి రోజు ఆయన నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని, "ఇక్కడ రెండే పన్లమ్మా. ఇనడం, ఇన్నది పైకి సెప్పడం. సెట్లో ఏ మాటొచ్చినా నువ్వు దాన్ని గట్టిగా ఒకసారి అనాలి, తరవాత రిజిస్టర్లో రాయాలి. మనసులో ఉంచీసుకుంటే కుదరదు" అన్నారు. మంచి పద్ధతే అనుకున్నాను. ఆఫీసర్లు కూడా మెచ్చుకుని, మిగతా షిఫ్టులకీ అదే రూలు పెట్టారు.

మూడో వారంలో తెలిసింది నాకు ఆ పద్ధతి ఎందుకో. పక్కన నిలబడి "టీ తెమ్మంటారా" అని అడిగితే పలకలేదు. అటు తిరిగి అడిగితే పలికారు. కుడి చెవి పూర్తిగా పోయింది. ఎడమది సగం. ఏళ్ళ తరబడి సైరన్ కిందే కూర్చున్న చెవులవి. నేను కనిపెట్టానని ఆయన కనిపెట్టారు. ఆయనా ఏమీ అనలేదు, నేనూ అనలేదు. ఆ రోజు నుంచి ఆయన చెవి నేనే అయ్యాను. ఇది అనడానికి బాగుంటుంది గానీ మొయ్యడానికి ఎంత బరువో అప్పట్లో నాకు తెలీదు.

గోడ మీద కోడ్ బోర్డు ఉండేది. సెట్‌లో మంట అనకూడదు, నిప్పు అనకూడదు, దెబ్బ తగిలింది అనకూడదు, మనుషుల పేర్లు అసలే అనకూడదు. అన్నిటికీ నంబర్లే. దీనికి కారణం గూఢచారులు కాదు, మా ఆడవాళ్ళు. కంట్రోల్ రూం కిటికీ వెనకే క్వార్టర్స్ లైను. మా స్పీకర్ గోల వాళ్ళ పెరళ్ళలోకి వినపడేది. మనిషికి దెబ్బ తగిలితే వాడే నంబరుని కంట్రోల్ గారు మూడుసార్లు మార్చారు. మార్చిన వారానికల్లా గిన్నెలు తోముకుంటూ ఆడవాళ్ళు ఆ కొత్త నంబరు చెప్పుకునేవారు. "వీళ్ళకి పబ్లిక్ పరీక్షలు పెడితే అందరూ ఫస్టు క్లాసే" అని ఆయన తల పట్టుకునేవారు.

సైరన్ కోడ్ మాత్రం అందరికీ తెలిసిందే. ఎత్తుకుని, దించుకుని, మళ్ళీ ఎత్తుకుంటూ కూస్తే ఎక్కడో అంటుకుందని. ఒకే తీరున పొడుగ్గా కూస్తే ఆరిపోయిందని. పొట్టి పొట్టి కూతలు ఆగకుండా వస్తే, లోపలున్న వాళ్ళు చేతిలో ఏది ఉంటే అది వదిలేసి బయటికి వచ్చెయ్యాలని. ఆ మూడోది వినపడగానే ఫైరు బండి దగ్గరున్న డ్రైవరు కూడా హారన్ మీద చెయ్యి పెట్టి తియ్యకూడదు. మొదటి రకం కూత వస్తే లైన్లో ఆడవాళ్ళంతా స్టవ్వులు ఆర్పి గేట్ల దగ్గరికొచ్చి నిలబడేవారు. ఒకరితో ఒకరు మాట్లాడుకునేవారు కాదు. ఎవరి మొగుడు ఏ షిఫ్టో అందరికీ తెలుసు కాబట్టి ఒకరి మొహం ఒకరు చూసేవారు కూడా కాదు. రెండో కూత వచ్చేదాకా అన్నం వార్చేవాళ్ళు లేరు. నేనూ పెళ్ళికి ముందు అమ్మ పక్కన అలా నిలబడ్డదాన్నే. ఇప్పటికీ ఎక్కడైనా అంబులెన్సు కూస్తే నా చెయ్యి దానంతటదే గ్యాస్ కట్టేస్తుంది.

"నేనొచ్చిన కొత్తల్లో ఇయ్యేటీ లేవమ్మా" అని పాత రోజుల గురించి చెప్పేవారు కంట్రోల్ గారు. కొండ మీద ఒక రైలు పట్టా ముక్క వేలాడదీసి, సుత్తితో కొట్టేవారట. ఇన్ని దెబ్బలకి ఈ చోటు, అన్ని దెబ్బలకి ఆ చోటు. వాన జోరుగా ఉంటే కిందికి వినపడేది కాదు. అప్పుడు జీపులో మనిషి దిగి వచ్చి చెప్పాలి. ఆ తరవాత చేత్తో తిప్పే సైరన్ వచ్చింది, ఆ తరవాత కరెంటుది, ఆ తరవాత వైర్‌లెస్. సెట్ వచ్చిన రోజు కొబ్బరికాయ కొట్టారట. ఆ మాట చెప్పినప్పుడల్లా ఆయన జేబులోంచి రుమాలు తీసి మైకు తుడిచేవారు. రోజూ పొద్దున్న కొండ మీది కాపలా పోస్టులన్నిటినీ వరసగా పిలిచే ముందు తల దువ్వుకునేవారు కూడా. అవతలివాడికి కనపడతారా ఏమిటండీ అని నేను నవ్వితే, "పిలిసీది మనమే అయినప్పుడు తిన్నగా ఉండాలి కదేటి" అనేవారు. పోస్టులన్నీ పలికేదాకా టీ ముట్టేవారు కాదు. ఏదో ఒక పోస్టు ఆలస్యం చేసేది. టీ రోజూ చల్లారిపోయేది, ఆయన రోజూ ఆ చల్లారిన టీయే తాగేవారు.

ఆదుర్దా మనిషి. పెళ్ళికి పిలిస్తే పందిట్లో ఎంతమందున్నారో, బయటికి దార్లు ఎన్నున్నాయో లెక్కపెట్టాకే విస్తరి ముందు కూర్చునేవారు. క్లబ్బులో సినిమా వేస్తే గుమ్మం పక్క కుర్చీ ఆయనదే. మంట దగ్గర పొగలోకి మనుషులు వెళ్ళిన ప్రతిసారీ పలక మీద సుద్దతో టైము రాసి, వాళ్ళు బయటికి వచ్చేదాకా ఆ పలక ముందు నుంచి కదిలేవారు కాదు. "ఎల్లినోళ్ళు ఎల్లినట్టు కాదమ్మా. వస్తేనే ఎల్లినట్టు" అనేవారు. నాకా మాట అప్పట్లో అర్థం కాక నవ్వొచ్చేది.

ఆయనకి పడనిది ఒకటుంది, నొక్కులు. పొగలోకి మాస్కు కట్టుకుని వెళ్ళిన మనిషి మాట్లాడితే అర్థం కాదు. అందుకని చేతి సెట్ మీది బటన్ నొక్కడమే జవాబు. రెండు నొక్కులైతే బాగానే ఉన్నామని, నాలుగైతే సాయం పంపమని. మా స్పీకర్లో అవి సన్నగా టిక్కు టిక్కుమంటాయి. ఆ సన్నటి చప్పుడు ఆయన చెవికి అసలు అందదు. కానీ అవతల బటన్ నొక్కినప్పుడల్లా మా సెట్ మీద ఒక చిన్న ఎర్ర దీపం వెలుగుతుంది. నేను విని చెప్పేదాన్ని, ఆయన దీపం చూసేవారు. ఆయన అంత పట్టిపట్టి దీపం చూస్తారని మాత్రం నేను గమనించలేదు.

నా పెళ్ళయిన రెండో ఏడు, వానాకాలం. వారం రోజులుగా కొండ కనపడడం లేదు, అంతా మబ్బే. పొద్దున్న పదవుతుండగా సెట్ మీద బెల్ట్ గ్యాలరీ నంబరు వచ్చింది. రాయిని కిందికి మోసుకొచ్చే రబ్బరు బెల్టుకి సొరంగంలాంటి పొడుగాటి రేకుల గది ఉంటుంది, అది. వెల్డింగు నిప్పురవ్వ పడిందో మరేదో, బెల్టు అంటుకుంది. రబ్బరు పొగ ఎలా ఉంటుందో చూసినవాళ్ళకే తెలుసు, ఎదురుగా చెయ్యి పెట్టుకుంటే కనపడదు. బండి వెళ్ళింది. లోపలికి ముగ్గురు వెళ్ళారు. ముందు నడిచిన లీడింగ్ ఫైర్‌మన్, ఏడో నంబరు. మావారు.

కంట్రోల్ గారు పలక మీద టైము రాశారు. నా వైపు చూసి, "పిలుస్తావా, నేను పిలవనా?" అన్నారు. పిలుస్తానన్నాను. ఐదేసి నిమిషాలకి ఒకసారి పిలవాలి. సెట్ మీద అంతా హిందీయే, ఏడుని సాత్ అనే పిలవాలి.

"సాత్, కంట్రోల్. జవాబ్ దో."

టిక్కు టిక్కు. "రెండు నొక్కులు" అని పైకి అని రాశాను. ఐదు నిమిషాలకి మళ్ళీ పిలిచాను. మళ్ళీ రెండు. మూడోసారి పిలిచాను, ఏమీ రాలేదు. నాలుగోసారి ఆగకుండా పిలిచాను. స్పీకర్లో హోరుమని గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు. పేరు పెట్టి పిలవాలనిపించింది. కిటికీ వెనక ఆడవాళ్ళు గేట్ల దగ్గర నిలబడి ఉన్నారని తెలుసు, పేరు అన్నానంటే అందరికీ తెలిసిపోతుంది. పంటి బిగువున సాత్, సాత్ అనే అన్నాను.

అంతలో మంట దగ్గరున్న ఆఫీసరు సెట్‌లోకి వచ్చాడు. "అందర్ వాలే క్యా బోల్ రహే హై? జవాబ్ ఆయా? జవాబ్ ఆయా తో దస్ మినట్ ఔర్ రహేంగే. కంట్రోల్ మే ఆ జాయేగా."

లోపలివాళ్ళ దగ్గర నుంచి జవాబు వస్తే ఇంకో పది నిమిషాలు లోపలే ఉంచుతానంటున్నాడు, మంట అదుపులోకి వచ్చేస్తుందట. నేను ఐదోసారి పిలిచాను.

టిక్కు. కాస్త ఆగి, టిక్కు.

వినపడింది. నాకు స్పష్టంగా వినపడింది. కంట్రోల్ గారు నా వైపు తిరిగి, "వచ్చిందేటమ్మా?" అని అడిగారు.

"రాలేదు" అన్నాను.

ఎందుకన్నానో ముప్పై ఏళ్ళుగా నాకు నేనే చెప్పుకుంటున్నాను. పెద్ద కారణమేమీ లేదు. వచ్చిందంటే ఇంకో పది నిమిషాలు. ఆ పది నిమిషాలు నాకొద్దు. అంతే.

ఆయన నా మొహంలోకి ఒక్క క్షణం చూశారు. పలక వైపు చూశారు. ఆఫీసర్ని అడగలేదు. లేచి వెళ్ళి సైరన్ స్విచ్చి పట్టుకుని పొట్టి పొట్టి కూతలు మొదలుపెట్టారు. దూరంగా కొండ మీద బండి హారన్ అందుకుంది. నేను రిజిస్టర్లో "జవాబు లేదు" అని రాశాను. ఆ అక్షరాలు నావే, కొంచెం కూడా వంకర పోలేదు.

ముగ్గురూ బయటికొచ్చారు. బెల్టు ఈ చివర నుంచి ఆ చివర దాకా కాలిపోయింది. కింద స్టేషన్లో రైలు పెట్టెలు చాలా రోజులు ఖాళీగా నిలబడ్డాయి. గ్యాలరీ కూలలేదు, ఎవరికీ దెబ్బ తగల్లేదు. అంటే మనుషుల్ని వెనక్కి పిలవాల్సిన అవసరమే లేదని లెక్క తేలింది. మావారు ఇంటికొచ్చి టోపీ మూలకి విసిరికొట్టి, "ఎవడు కూయమన్నాడు ఆ సైరను? నేను జవాబిచ్చీసినాక ఎందుకు కూసినట్టు?" అని అరిచారు. ఆయనకి నీళ్ళు తోడి పెట్టి, బాత్రూం తలుపు పక్కన గోడకి ఆనుకుని నిలబడ్డాను. లోపల నీళ్ళ చప్పుడు వినపడుతోంది కదా, అది చాలనుకున్నాను.

ఎంక్వైరీ వేశారు. ఒక గది, బయట బెంచీ. ముందు మావారు వెళ్ళి రెండు నొక్కులు నొక్కానని చెప్పారు. తరవాత కంట్రోల్ గారు వెళ్ళారు. ఆ బెంచీ మీద కూర్చుని నిజం చెప్పేద్దామని నేను నిర్ణయించుకున్నాను. ఉద్యోగం పోతే పోనీ అనుకున్నాను. ఆయన బయటికొచ్చి నా ముందు ఆగారు.

"పిలిసింది నువ్వయినా, సెట్ దగ్గర కూకుని ఇన్నది నేనని సెప్పీసేనమ్మా. నువ్వు నేను సెప్పింది రాసేవంతే. నాకు ఇనపడలేదు, అంతే సంగతి."

"అది కాదండీ, నేను..."

"నువ్వేటీ సెప్పకు. లోపలికెల్లి అదే సెప్పు." గొంతు తగ్గించి, ఎడమ చెవి నా వైపు తిప్పి నిలబడ్డారు. నేను సరే అనేదాకా కదలలేదు. నేను సరే అన్నాను. లోపలికి వెళ్ళి అదే చెప్పాను.

వాళ్ళు ఆయన్ని చెవుల పరీక్షకి పంపారు. ప్రతి ఏడూ డాక్టరు పెదాల కదలిక చూసి పరీక్ష నెట్టుకొచ్చిన మనిషి, ఈసారి కళ్ళు మూసుకుని కూర్చున్నాడని కాంపౌండరు చెప్పాడు. కంట్రోల్ రూం నుంచి తీసేసి స్టోర్స్‌కి మార్చారు. బూట్లు, రెయిన్‌కోట్లు ఇచ్చే పని. రిటైరయ్యేదాకా అక్కడే ఉన్నారు. ఊళ్ళో అందరికీ ఒక కథ దొరికింది. కంట్రోల్ గారు అనడం మానేసి చెవిటాయన అనడం మొదలుపెట్టారు. వాళ్ళమ్మాయిని స్కూల్లో చెవిటాయన కూతురనేవారు. పిల్ల బడికి వెళ్ళనని ఏడ్చేదని వాళ్ళావిడ మా అమ్మ దగ్గర చెప్పుకుంది. నేను పక్కనే కూర్చుని బఠాణీలు వలుస్తున్నాను. వలుస్తూనే ఉన్నాను.

మొహం చెల్లక రెండు నెలలు స్టోర్స్ వైపు వెళ్ళలేదు. రెయిన్‌కోటు చిరిగి తప్పక వెళ్ళాను. ఆయన కొత్తది తీసి, చేతులు సరిపోయాయో లేదో తొడిగి చూడమన్నారు. అప్పుడే అన్నారు, ఏదో వాన గురించి మాట్లాడుతున్నట్టు.

"దీపం వెలిగింది కదమ్మా ఆ రోజు. రెండుసార్లు. సూసేను."

"మరి చూసి ఎందుకు కూశారు?"

"అది మీ ఆయన నొక్కుడు కాదనిపించింది. ఏడు రెండూ కలిపీసి గబగబా నొక్కుతాడు. ఎప్పుడూ అంతే, ఓపిక తక్కువ మనిషి. ఆ రోజు వెలిగింది ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. మద్దిన ఎడం."

"ఈ మాట వాళ్ళకెందుకు చెప్పలేదు?"

"దీపం సూసి మనిషిని గుర్తుపడతానంటే నమ్ముతారేటి? సరే, నమ్మేరనుకో. దీపం వెలిగితే నువ్వెందుకు లేదన్నావని నిన్నడగరా?"

నా పొట్టి చేతులకి ఆ కోటు పెద్దదైంది. ఆయన మడత పెట్టి ఇంకోటి తీశారు. నొక్కుడు సంగతి నన్ను ఓదార్చడానికి అన్న మాటే అనుకున్నాను. అబద్ధం ఆడిన పిల్ల మనసు తేలిక పడాలని పెద్దమనిషి ఒక కథ అల్లాడు, అనుకున్నాను. దండం పెట్టి వచ్చేశాను.

కిందటేడు బచేలి వెళ్ళినప్పుడు కంట్రోల్ రూం చూపించారు. గోడ మీద బోర్డు లేదు. నంబర్లూ లేవు, అంతా మామూలు మాటల్లోనే మాట్లాడుకుంటున్నారు. ఎక్కడ అంటుకున్నా అందరి ఫోన్లూ ఒకేసారి మోగుతాయట. మాస్కుకి ఒక బిళ్ళ కట్టుకుంటున్నారు. మనిషి కాసేపు కదలకుండా ఉంటే అది దానంతటదే కూస్తుంది. సెట్ దగ్గర కూర్చున్న అమ్మాయి ఒక బిళ్ళని బల్ల మీద పెట్టి చూపించింది. కాసేపటికి అది గుక్కపట్టి కూసింది. నేను ఉలిక్కిపడి గోడ పట్టుకున్నాను, అందరూ నవ్వారు. ఇలాంటిదొకటి అప్పుడుంటే నేను ఆ ఒక్క మాట అనాల్సి వచ్చేది కాదని వాళ్ళకెలా చెప్పను?

ఈ ముప్పై ఏళ్ళలో మా ఇంటికి బచేలి వాళ్ళెవరొచ్చినా మావారు ఆ కథ చెప్పకుండా వదల్లేదు. "ఇంకో పది నిముషాలుంటే ఆర్పీసేవాళ్ళం. చెవిటాయన ఊదీసేడు" అని తొడ చరుచుకునేవారు. వాళ్ళు నవ్వేవారు. నేను టీ కప్పులు అందించేదాన్ని. చక్కెర సరిపోయిందా అని అడిగేదాన్ని. ఇంతకన్నా పిరికిదాన్ని నేనెక్కడా చూడలేదు.

మొన్న శుక్రవారం ఆ ఫోన్ పట్టుకుని వంటింట్లోకి వెళ్ళాను. మావారు కూరగాయలు తరుగుతున్నారు. కంట్రోల్ గారు పోయారని చెప్పి, కింద రాసింది చదివాను. ఆయన అలవాటుగా, "మరి? ఇంకో పది నిముషాలుంటే..." అని ఎత్తుకున్నారు.

"ఆపండి" అన్నాను. "వినపడింది. నాకు వినపడింది. రెండు నొక్కులు వచ్చాయి. ఆయన అడిగితే రాలేదని చెప్పింది నేను. నాకు మీరు బయటికి రావాలి. దానికోసం ఆయన్ని బలి పెట్టాను."

కేకలు వేస్తారనుకున్నాను. ఆయన కత్తిపీట పక్కకి జరిపారు. "ఎన్ని నొక్కులన్నావు?" అని అడిగారు.

"రెండు. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి."

"అయి నేను నొక్కలేదు."

నేను ఆయన ఎదురుగా కింద కూర్చుండిపోయాను.

"రెండోసారి నువ్వు పిలిసి జవాబిచ్చేక, అడుగు జారి పడ్డాను. సెట్టు నడుం మీంచి ఊడిపోయింది. ఎతకబోయి నీళ్ళ హోసు వదిలీసేను. హోసు ఉంటేనే కదా గుమ్మం ఎటో తెలిసీది. ముగ్గురం ఒకడి కాలొకడు పట్టుకుని తిరుగుతున్నాం. ఎటెల్లినా బెల్టే తగుల్తోంది. ఎవడి మోకాలో ఆ సెట్టు మీద పడుంటాది." ఆయన తరిగిన ముక్కలు పళ్ళెంలోకి తోశారు. "అప్పుడు హారన్ మోగింది. మోగిన వైపు పాక్కుంటూ వచ్చేం. అది మోగకపోతే మాకు దారి లేదు."

"మరి ఎంక్వైరీలో?"

"లీడింగ్ ఫైర్‌మన్ని. హోసు వదిలీసేను, సెట్టు పారేసేను, దారి తప్పించేను అని ఏ మొహంతో సెప్పను? మిగతా ఇద్దరూ నా కింద పనిచేసే వాళ్ళు, నోరెత్తలేదు. బయటికొచ్చేటప్పుడు సెట్టు పడిపోయిందని సెప్పీసేను. తరవాత్తరవాత ఆ అబద్ధం నాకే నిజంలా అయిపోయింది."

మా ఇద్దరికీ ముప్పై ఏళ్ళు ఒకటే కంచం, ఒకటే మంచం అని చుట్టాలంటారు. ఆయన అబద్ధం ఆయన కింద, నా అబద్ధం నా కింద పెట్టుకుని పడుకున్నామన్నమాట. ఈ రెండింటి మధ్యనా ఒక మంచి మనిషి పరువు నలిగిపోయింది. ఆయన ఆ రోజు చూసింది నిజం, తెలుసుకున్నది నిజం, చేసింది సరైన పని. నేను ఓదార్పు అనుకున్నది ఓదార్పు కాదు. ముగ్గురి ప్రాణాలు నిలబెట్టిన మనిషిని మేం ఒక వేళాకోళం చేసి ఊరంతటికీ పంచిపెట్టాం. నాకు ఏడుపొచ్చింది. మావారు నన్ను ఊరుకోమనలేదు.

గ్రూపులో వాళ్ళమ్మాయి నంబరుంది. ఇప్పుడు టీచరు, పలాసలో ఉంటుంది. మావారే కలిపారు. స్పీకర్ నేను నొక్కాను. తనెవరో చెప్పారు, ఫోన్ ఎందుకు చేశారో చెప్పారు. ఒక్క ముక్క దాచలేదు. హోసు, సెట్టు, ఎంక్వైరీ, నేను అన్న మాట, అన్నీ చెప్పారు. "అమ్మా, మీ నాన్నగారి వల్లే మేం ముగ్గురం బతికేం. గ్రూపులో ఇవాళే రాస్తాను, అందరికీ సెప్తాను" అన్నారు.

అవతల వెనక ఇంట్లో ఎవరో ఏడుస్తున్న చప్పుడు వస్తోంది. ఆ తరవాత ఆ అమ్మాయి అడిగింది.

"నాన్న నిన్న మధ్యాహ్నం దాకా ఉన్నారండీ. తెలివిలోనే ఉన్నారు. ఈ ఫోన్ మొన్న చెయ్యలేకపోయారా?"

కోపంగా అనలేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగింది.